బంచరాయి (ఊరి ఉమ్మడి మేత నేల), గొర్రెల మేపుడు మీద ఏఈఓలకు మూడు రోజుల ట్రైనింగ్: హాల్లో కాకుండా ఎట్లా చేయాలి?

ప్రశ్న | చెల్క_ఏఓ

అందరికీ నమస్కారం. నేను హనుమకొండ జిల్లాలో పరకాల వైపు వ్యవసాయ అధికారిగా పని చేస్తున్నాను. ఇక్కడి ఏఈఓలకు (వ్యవసాయ విస్తరణ అధికారులకు), ఊర్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలకు, కొంతమంది పశువైద్య సహాయకులకు కలిపి పచ్చిక నేలలు, మేపుడు నిర్వహణ మీద మూడు రోజుల శిక్షణ పెట్టమని నాకు అప్పగించారు. మొత్తం ముప్పై మంది దాకా ఉంటారు. డబ్బులు పెద్దగా లేవు, భోజనాలకు, ఒక బస్సుకు సరిపోతాయి.

ఇలాంటిదే ఒక శిక్షణకు పోయిన ఏడాది నేనే వెళ్లాను. ఏప్రిల్ నెల, హాలు, ప్రొజెక్టరు. సూపర్ నేపియర్ గడ్డి ఎట్లా నాటాలి, కణుపులు ఎంత దూరంలో పెట్టాలి, పచ్చి మేతను పాతర వేసే సైలేజీ గుంత ఎట్లా తీయాలి, అన్నీ బాగానే చెప్పారు. కానీ అదంతా నీళ్లున్న రైతు తన పొలంలో పశుగ్రాసం పండించుకునే సంగతి. మంద బయటికి వెళ్లి మేసే నేల గురించి రోజు మొత్తంలో ఒక్క మాట రాలేదు. తర్వాత వారం ఒక ఊరికి వెళ్తే కురుమ పెద్దాయన ఒకాయన రచ్చకట్ట దగ్గర ఆపి అడిగాడు. "సారూ, మా బంచరాయి నలభై ఎకరాలు. ఊర్ల ఐదు మందలున్నయ్. ఆ గడ్డి ఎన్ని దినాలకు సరిపోతది? ముందు ఏ దిక్కు తోలాలె?" నా దగ్గర జవాబు లేదు. ఆయన ఏమీ అనలేదు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వరి, పత్తి, మిర్చి గురించి ఏది అడిగినా చెప్పగలను. మేసే నేల గురించి నాలుగేళ్ల డిగ్రీలో నేను చదివింది రెండు మూడు పేజీలు ఉంటుందేమో.

మాకు పంటలు నేర్పుతారు, పశువైద్యులకు దాణా, రోగాలు నేర్పుతారు, అటవీ వాళ్లకు చెట్లు నేర్పుతారు. గొర్రె ఆ మూడింటి మధ్యలో తిరుగుతుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం మనదే, దాదాపు కోటీ తొంభై లక్షలు. 2017 నుంచి ఒక్కో యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ కూడా జరిగింది. గొర్రెలు వచ్చాయి సరే, అవి మేసే నేల ఎంత ఉంది, ఎట్లా ఉంది అని కొలిచే మనిషి మండలంలో ఒక్కడూ లేడు.

నా ప్రశ్నలు ఇవి. మూడు రోజులు ఏ నెలలో పెట్టాలి? నేల మీద చేయించదగ్గ పనులు ఏమున్నాయి? గడ్డిని కొలిచి ఇన్ని గొర్రెలకు ఇన్ని రోజులు అని లెక్క తేల్చే తేలిక పద్ధతి ఎవరైనా స్వయంగా చేసి చూశారా? అనుభవం ఉన్నవాళ్లు కొంచెం వివరంగా రాయండి, ప్లీజ్.

---

దొడ్డి_డాక్టర్

నమస్తే సార్. నేను పశువైద్యురాలిని, జమ్మికుంట, హుజూరాబాద్ వైపు పదేళ్లు చేశాను. మొదటి మాట, మూడు రోజులు వరుసగా పెట్టకండి. మేత ఏడాదంతా ఒక్క తీరుగా ఉండదు కదా. ఒక రోజు మృగశిర దాటి తొలకరి పడ్డాక, ఒక రోజు దీపావళి ముందర గడ్డి గింజ పట్టినప్పుడు, ఇంకో రోజు శివరాత్రి తర్వాత. అదే ముప్పై మంది అదే నేలను మూడు సార్లు చూడాలి. ఏప్రిల్‌లో చూస్తే ఎర్రమట్టి, తంగేడు పొదలు తప్ప ఏం కనపడతాయి?

తొలకరి రోజున చిటుకు రోగం గురించి తప్పకుండా చెప్పించండి. దాన్ని రోగాల క్లాసులో కాదు, మేపుడు క్లాసులో చెప్పాలి. ఎండాకాలమంతా అరాకొర తిన్న మంద లేత పచ్చిక మీద ఒక్కసారి పడుతుంది, కడుపులో ఎప్పుడూ ఉండే క్రిమి ఆ కొత్త మేతకు విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. సాయంత్రం ఎగిరి దుంకిన గొర్రె తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది, అదీ మందలో బాగా తిని బలిసినదే. టీకా వానలకు ముందే పడాలి. దానితో పాటు మొదటి వారం పది రోజులు పొద్దున ఇంత ఎండు మేత వేసి, ఆ తర్వాతే పచ్చికకు వదలాలి, అదీ కొద్ది కొద్దిగా గంటలు పెంచుతూ. ఆ పది రోజులు ఆగడం గడ్డికి కూడా మంచిదే. అప్పుడే మొలిచిన ఆకును కొరికేస్తే వేరుకు బలం అందదు. జానెడు ఎత్తు రానిచ్చి మేపిన గడ్డి మళ్లీ చిగురిస్తుంది, వేలెడు ఉండగానే మేపితే ఆ దుబ్బు రెండు మూడేళ్లలో చస్తుంది.

ఇంకోటి నాము. జొన్న కోసిన మోళ్ల మీద వచ్చే పిలక, వానలు ఎగ్గొట్టినప్పుడు వాడిపోయిన లేత జొన్న, అందులో సైనైడు విషం ఉంటుంది. ముసలి రైతులందరికీ నాము అనే మాట తెలుసు. కొత్తగా వచ్చిన ఏఈఓల్లో చాలామందికి తెలియదు, ఎందుకంటే మన దగ్గర జొన్న పోయి పత్తి, మొక్కజొన్న వచ్చాయి. కానీ పశుగ్రాసం జొన్న విత్తనం మనమే ఇస్తున్నాం కాబట్టి తెలియాలి.

దీపావళి ముందు రోజుకు ఒక పని చెప్తాను. గుట్టల మీద బల్లెం లాంటి గింజ ఉండే గడ్డి ఉంటుంది చూడండి, హెటెరోపోగాన్ అంటారు, నడిస్తే ప్యాంటుకు అంటుకుంటుంది. ఆ గింజను ఒకదాన్ని అరచేతిలో పెట్టుకొని దాని మీద ఒక నీటి చుక్క వేయమనండి. వెనకాల మెలి తిరిగి ఉన్న నల్లటి తోక తడికి మెల్లగా విచ్చుకుంటూ చేతిలోనే గిర్రున తిరుగుతుంది. నేలలోకి దిగడానికి ఆ గింజకున్న ఏర్పాటు అది. అదే తిరుగుడు గొర్రె ఉన్నిలో జరిగితే చర్మంలోకి దిగుతుంది, మేసేటప్పుడైతే చిగుళ్లలో, నాలుక కింద గుచ్చుకుంటుంది. నోట్లో పుండై మేత మానేసిన గొర్రెకు జ్వరం సూది వేసిన సందర్భాలు నేను చూశాను, నోరు తెరిచి చూస్తే నాలుగు ముళ్లు. ఈ గడ్డిని వానాకాలంలో లేతగా ఉన్నప్పుడే మేపేసుకోవాలి, గింజ పట్టాక మందను అటు తోలొద్దు. చేతిలో తిరిగిన గింజను చూసినవాళ్లు ఈ సంగతి మర్చిపోరు.

శివరాత్రి తర్వాత పెట్టే రోజు చెరువు శిఖం (నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేల) దగ్గర పెట్టండి. నీళ్లు తగ్గే కొద్దీ అక్కడే పచ్చిక ఉంటుంది, మందలన్నీ అక్కడికే వస్తాయి, నత్తలూ అక్కడే ఉంటాయి. నత్తల నుంచి కార్జపు జలగలు (కాలేయంలో చేరే పురుగులు) వస్తాయి. అంచు గడ్డి మేపిన మందకు ఏ మందు ఎప్పుడు తాగించాలో అక్కడే నిలబడి మాట్లాడుకోవాలి. నిపుణుల కోసం వెతుకుతుంటే మామునూరులో వెటర్నరీ కాలేజీ, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి, మీకు దూరం కాదు.

---

గొంగడి

అన్నా, మాది కురుమ ఇల్లు. నేను అగ్రికల్చర్ బీఎస్సీ చేశాను, నాన్న ఇప్పటికీ నూట ఇరవై జీవాలు కాస్తాడు. మీరు ఈ ప్రశ్న అడిగినందుకే చాలా సంతోషమైంది.

నాన్నను ఒకసారి ఇట్లాంటి మీటింగుకు పిలిచారు. వెనక కుర్చీలో కూర్చోబెట్టి, సాయంత్రం సంతకం తీసుకొని, భోజనం పెట్టి పంపించారు. ఆయన నోరు విప్పే అవకాశం రాలేదు. మీ ట్రైనింగులో గొర్రెలకాపరి లబ్ధిదారుగా కాదు, పాఠం చెప్పే మనిషిగా రావాలి. బయటి నుంచి వచ్చే సార్లకు ఎంత ఇస్తారో ఆయనకూ అంతే ఇవ్వండి. ఈ ఒక్కటి చేయకపోతే మిగతా ఏం చేసినా మా వాళ్లు మనసు విప్పి చెప్పరు, "అవును సార్, మంచిది సార్" అంటారు అంతే.

ఒక రోజు మొత్తం మంద వెంట నడిపించండి. పొద్దున దొడ్డి విప్పిన దగ్గర నుంచి సాయంత్రం మళ్లేదాకా. ఒక్కొక్కరు ఒక్కొక్క గొర్రెను పట్టుకోవాలి, కొమ్ముకో వీపుకో రంగు పూసి గుర్తు పెట్టుకోండి. ఐదు నిమిషాలకు ఒకసారి అది ఏ మొక్కను కొరుకుతుందో నోట్‌బుక్కులో రాయాలి. పేరు తెలియకపోతే నాన్నలాంటి వాళ్లను అడగాలి. మధ్యాహ్నానికి కనీసం పాతిక ముప్పై రకాల పేర్లు వస్తాయి. గడ్డి అనుకుంటాం గానీ రాలిన రేగు ఆకు, తుమ్మ కాయ, కంచె మీద తీగలు ఎంత తింటాయో అప్పుడు తెలుస్తుంది. ఏవి ముట్టుకోవో కూడా రాయాలి. తంగేడును వాసన చూసి వదిలేస్తాయి, వయ్యారిభామను తినవు. ఈ రెండూ ఎక్కడ గుబురుగా పెరిగాయో అక్కడ మంచి గడ్డిని ఏళ్ల తరబడి విడుపు లేకుండా మేపారని అర్థం.

మంద ముందు ఎవరు నడుస్తున్నారో చూడమనండి. కొత్త పిలగాళ్లు వెనక నుంచి కట్టెతో అదిలిస్తారు, జీవాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉరుకుతాయి, తిన్నదానికంటే తొక్కింది ఎక్కువైతది. నాన్న ముందు నిలబడి గొంగడి భుజాన వేసుకొని నెమ్మదిగా వెనక్కి అడుగులు వేస్తుంటే మంద వెడల్పుగా పరుచుకొని తలలు దించి మేస్తుంది. మీరు పుస్తకంలో రొటేషన్ అంటారు, ఆయన "నిన్నటి అడుగు మీద ఇయ్యాల మేపొద్దు" అంటాడు. వాన పడే రోజుల్లో నల్లరేగడి వైపు పోడు, గిట్టల సందుల్లో బురద పట్టి పుండ్లు పడతాయని గుట్ట మీదికి, చెల్కల్లోకి తోలతాడు. పొద్దున మంచు ఆరేదాకా దొడ్డి విప్పడు. తడి గడ్డి కొసలకు పురుగు పిల్లలు ఎక్కి ఉంటాయని డిగ్రీలో చదివినప్పుడు నాకు కారణం అర్థమైంది, ఆయనకు కారణం తెలియకున్నా పని తెలుసు.

వరి కోసిన తర్వాత మడుల్లో మంద పెట్టుడు, పత్తి ఏరడం అయిపోయాక చేలల్లో మేపుడు, ఇవి లేకుండా మన దగ్గర ఏ మందా బతకదు. కాబట్టి శిక్షణ బంచరాయితో ఆగిపోకూడదు. పత్తి చేల సంగతి జాగ్రత్తగా మాట్లాడాలి. 2006లో మన వరంగల్ జిల్లాలోనే పత్తి చేలలో మేసిన గొర్రెలు చనిపోయాయని దేశమంతా చర్చ జరిగింది. బీటీ వల్ల అని కొందరు, పురుగుమందుల వల్లో నైట్రేట్ల వల్లో అని మరికొందరు గట్టిగా వాదించుకున్నారు. కాపరికి కావలసింది మాత్రం ఒక్కటే, ఆ చేనులో చివరిసారి ఏ మందు ఎప్పుడు కొట్టారు అన్నది. అది చెప్పగలిగింది ఏఈఓ ఒక్కడే, ఎందుకంటే ఆ రైతుతో రోజూ మాట్లాడేది ఆయనే. ఐదు వేల ఎకరాలకు ఒక ఏఈఓ ఉన్నాడు, వాట్సాప్ గ్రూపు ఉంది, ఒక్క మెసేజ్ చాలు.

అమ్మను కూడా మర్చిపోవద్దు. ఈనిన గొర్రెలు, పిల్లలు, కుంటుతున్నవి అన్నీ ఇంటి దగ్గర ఆమె మీదనే ఉంటాయి. ఏ కొమ్మ ఇరిచి వేస్తే పాలు పడతాయో నాన్నకంటే అమ్మకు బాగా తెలుసు.

ఇంకో మాట, ఎండాకాలం మా మందలు ఊర్లో ఉండవు. ములుగు దాటి ఏటూరునాగారం అడవుల వైపు, గోదావరి ఒడ్డుకు వలస పోతాయి. ఏప్రిల్‌లో ట్రైనింగ్ పెడితే చూడటానికి మంద కూడా దొరకదు.

---

షెడ్డు_రైతు

నా అభిప్రాయం వేరు సార్, తప్పుగా అనుకోవద్దు. బంచరాయిలు ఎక్కడున్నాయి ఇప్పుడు? మా ఊర్లో సగం రియల్ ఎస్టేట్ అయింది, మిగతాది క్వారీ. నేను ఎత్తు మచాన్ షెడ్డు వేసి యాభై పొట్టేళ్లు పెంచుతున్నాను, ఎకరంన్నరలో నేపియర్, హెడ్జ్ లూసర్న్, అవిసె. బాగానే ఉంది. ఏఈఓలకు దీని మీద శిక్షణ ఇస్తే యువకులకు పనికొస్తుంది. లేని నేలను ఎట్లా మేపాలో నేర్పి ఏం లాభం?

---

రాతికట్ట

షెడ్డు తమ్ముడు చెప్పింది కొట్టిపారేసేది కాదు, నీళ్లు, భూమి, పెట్టుబడి ఉన్నవాళ్లకు అది మంచి దారే. కానీ మందలు కాసే కుటుంబాల్లో చాలామందికి బోరు లేదు, ఎకరంన్నర లేదు. వాళ్లకు షెడ్డు పాఠం చెప్తే కడుపు నిండదు. బంచరాయి తగ్గిపోతుందంటే మిగిలినదాన్ని ఇంకా లెక్కగా వాడాలి కదా. పైగా ఆ నేల ఎంత మేత ఇస్తుందో కాగితం మీద అంకె ఉంటే రేపు పంచాయతీలో దాన్ని కాపాడుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. ఖాళీ జాగా అన్న పేరుతోనే అవి పోతున్నాయి.

నేను వాటర్‌షెడ్ పనుల్లో జనగామ, వర్ధన్నపేట వైపు చాలా ఏళ్లు తిరిగాను. గడ్డి కొలిచే పద్ధతి మేం చేసింది చెప్తాను, ఎవరైనా చేయొచ్చు.

వెల్డింగ్ షాపులో మీటరు పొడవు, మీటరు వెడల్పు ఇనుప చట్రం చేయించండి. దీపావళికి ముందు, గడ్డి ఎదుగుదల ఆగిపోయినప్పుడు కొలవాలి. బంచరాయికి అడ్డంగా ఒక గీత అనుకొని నడుస్తూ ప్రతి యాభై అడుగులకు చట్రం వేయాలి. గడ్డి బాగున్న చోటు చూసి వేయొద్దు, బండ వచ్చినా పొద వచ్చినా అక్కడే వేయాలి, అందరూ చేసే తప్పు అదే. చట్రం లోపల మేతకు పనికొచ్చే గడ్డిని కొడవలితో నేల నుంచి రెండు వేళ్ల ఎత్తులో కోసి, కాగితం సంచిలో వేసి నంబరు రాయండి. ఎండలో బరువు తగ్గడం ఆగిపోయేదాకా ఆరబెట్టి తూచండి. పచ్చిది తూస్తే లెక్క తప్పుతుంది, వానాకాలపు లేత గడ్డిలో నాలుగింట మూడు వంతులు నీళ్లే.

ఇరవై చోట్ల కోసింది కలిపి సగటున చట్రానికి 80 గ్రాముల ఎండు గడ్డి వచ్చిందనుకోండి. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు, కాబట్టి ఎకరానికి దగ్గర దగ్గర 320 కిలోలు. అందులో సగమే తినాలి, సగం దుబ్బు మీద మిగలాలి, లేకుంటే వచ్చే ఏడు ఆ గడ్డి ఉండదు, వానకు మట్టి కూడా నిలవదు. అంటే 160 కిలోలు. ముప్పై కిలోల గొర్రె తన బరువులో మూడు శాతం చొప్పున రోజుకు దాదాపు కిలో ఎండు మేత తింటుంది. ఎకరం మీద 160 గొర్రెలకు ఒక రోజు మేత. సార్ రాసిన నలభై ఎకరాలకు 6400. ఐదు మందలు, మందకు వంద చొప్పున ఐదు వందల జీవాలు రోజూ అక్కడే మేస్తే పదమూడు రోజులు కూడా రాదు. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇట్లా వస్తుంది. అంకెలు మీ నేలవి వేసుకోండి, 80 అన్నది నేను ఉదాహరణకు వేసింది.

గడ్డి రకాలు చూసి కూడా నేల స్థితి చెప్పొచ్చు. ఝాన్సీలో 1962లో పెట్టిన పచ్చిక, పశుగ్రాస పరిశోధన సంస్థ వాళ్లు దేశంలో గడ్డి నేలలను వర్గాలుగా విడదీశారు, మన దక్కన్‌ది సెహిమా, డైకాంథియం అనే మంచి మేత గడ్ల వర్గం. బాగున్న నేలలో అవి ఉంటాయి. మేపుడు ఒత్తిడి పెరిగే కొద్దీ అవి తగ్గి, డాక్టర్ మేడం చెప్పిన బల్లెం గింజ గడ్డి పెరుగుతుంది. ఇంకా చెడితే అరిస్టిడా వస్తుంది, దాని గింజకు మూడు మీసాలుంటాయి, మేతకు దాదాపు పనికిరాదు. మూడు గడ్ల దుబ్బులు పీకి పక్కపక్కన పెట్టి చూపించండి. ఆ తర్వాత ఏ గుట్ట ఎక్కినా వాళ్లే చెప్పగలుగుతారు.

కొత్తగా విత్తాలంటే అంజన్ గడ్డి, స్టైలో (పప్పుజాతి మేత మొక్క). మేం మొదటిసారి స్టైలో వేసినప్పుడు సగం కూడా మొలవలేదు, విత్తనం మీద నింద వేశాం. తప్పు మాదే, దాని పొట్టు గట్టిది. 80 డిగ్రీల వేడి నీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, తీసి చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి వేయాలి. అంజన్ గింజ దూదిలా తేలికగా ఉంటుంది, తడి మట్టిలో కలిపి పైపైన చల్లాలి, లోతుకు పోతే రాదు. కోసిన వెంటనే వేసినా సరిగా మొలవదు, కొన్ని నెలలు నిల్వ ఉన్న గింజ కావాలి.

అన్నిటికంటే కష్టమైనది విత్తనం కాదు, మూసివేత. గడ్డి కుదురుకోవాలంటే ఆ చెక్కలోకి జీవాలు రెండు వానాకాలాలు పోకూడదు. నలభై ఎకరాలూ ఒక్కసారి మూస్తే పది మేకలున్న ఒంటరి ఆడమనిషి ఎక్కడికి పోవాలి? మేం ఒక ఊర్లో అదే చేశాం, మూడో నెలలో కంచె తెగింది. తర్వాత ఊర్లో అందరినీ కూర్చోబెట్టి పది ఎకరాలే మూసి, అందులో పెరిగిన గడ్డిని కోసుకుపోవడానికి మేకలున్న ఆడవాళ్లకే మొదటి వంతు అని రాసుకున్నాం, నిలిచింది. ఈ మాట్లాడే పని కూడా ట్రైనింగులో ఉండాలి. ఏఈఓలు ఒకరు కాపరిగా, ఒకరు సర్పంచిగా, ఒకరు మేకల ఆమెగా కూర్చొని ఒక పూట వాదించుకుంటే చాలు, ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది.

---

చెల్క_ఏఓ

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రాతికట్ట అన్నా, పదమూడు రోజులు అన్న అంకె చూసి కొద్దిసేపు ఏం రాయాలో తోచలేదు. ఆ పెద్దాయన దగ్గరికి నిన్న సాయంత్రం వెళ్లి, ఇది ఉదాహరణ లెక్క మాత్రమే అని ముందే చెప్పి, వివరించాను. ఆయన విని "అందుకే మేం సంక్రాంతి కాకముందే మందలు లేపుతం" అన్నాడు. దీపావళికి ముందు నిజం లెక్క కలిసి తీద్దామని ఒప్పుకున్నాడు.

షెడ్డు_రైతు గారూ, మీ షెడ్డుకు కూడా ఒక పూట తీసుకొస్తాం, మీకు ఇబ్బంది లేకపోతే. పొట్టేళ్లను చివరి మూడు నెలలు షెడ్డులో మేపితే బంచరాయి మీద బరువు ఎంత తగ్గుతుందో అక్కడ లెక్క వేయొచ్చు.

మూడు రోజులను మూడు కాలాలకు విడగొట్టడానికి పై వాళ్లను అడిగాను, ఒప్పుకున్నారు. 2026ను ఐక్యరాజ్యసమితి పచ్చిక నేలలు, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది కదా, ఆ ముక్క నోట్‌లో రాసేసరికి ఫైలు కొంచెం తొందరగా కదిలింది. పది చట్రాలకు వెల్డింగ్ షాపులో చెప్పాను. చిక్కల్లా కాపరికి గౌరవ వేతనం దగ్గర వచ్చింది, రిసోర్స్ పర్సన్ కాలమ్‌లో విద్యార్హత రాయమంటున్నారు. "గొర్రెల పెంపకంలో నలభై ఏళ్ల అనుభవం" అని రాసి పంపాను, ఏమంటారో చూడాలి. కాదంటే మేం తలా కొంత వేసుకొని అయినా ఇస్తాం.

గొంగడి తమ్ముడూ, మీ నాన్నగారు, అమ్మగారు ఇద్దరూ మొదటి రోజుకు రాగలరా? ఆ రోజు మందను వేరే ఎవరైనా కాయాల్సి వస్తే ఆ కూలి మేమే పెట్టుకుంటాం. అడిగి చెప్పండి.

---

గొంగడి

అడిగాను అన్నా. అమ్మ వస్తానంది, పిల్లలకు ఇరిచి వేసే కొమ్మలు నాలుగైదు రకాలు పట్టుకొస్తుందట. నాన్న మాత్రం "మందను ఇడిసిపెట్టి నేనొక్కణ్ణి అచ్చి ఏం చూపియ్యాలె" అన్నాడు. మందతోనే వస్తాడట. బూట్లు కాకుండా చెప్పులతో రమ్మన్నాడు, వాగు దాటాలి. మంచు ఆరి దొడ్డి విప్పేసరికి ఎనిమిదవుతుంది, అప్పటికి మీ వాళ్లందరినీ అక్కడ ఉండమన్నాడు.